స్టూడియో వాళ్ళ కార్డు

ఆ వీధిలో కంప్యూటర్లు బాగుచేసే షాపులు నాలుగున్నా, చిన్నపాటి కంప్యూటరు పెట్టెలు మొండికేస్తే మాత్రం అందరూ డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళేవారు. ఆమె చదివింది డాక్టరీ కాదు. మూత తీసే ముందు పెట్టెకు చెవి ఆనించి ఫ్యాను చప్పుడు వినే అలవాటుంది. అది చూసి ఎవరో సరదాకి పెట్టిన పేరే, చివరికి కరెంటు బిల్లు ఇచ్చే మనిషి నోట కూడా స్థిరపడిపోయింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. మాట కరుకు, పని శుభ్రం. ఇరవై ఏళ్ళలో తన టేబుల్ మీద ఒక్క స్క్రూ కూడా తప్పిపోలేదని నలుగురిలో చెప్పుకునేది. అది నిజమేనని తను కూడా నమ్మింది.

ఒక మంగళవారం పొద్దున, షట్టరు పూర్తిగా ఎత్తకముందే ఈత కోచ్ వచ్చి నిలబడ్డాడు. చంకలో నల్లటి పెట్టె ఉంది. చూడ్డానికి చెప్పుల అట్టపెట్టె కన్నా కాస్త పెద్దది, అంతే. జీవితమంతా కొలను గట్టున నిలబడి నీళ్ళలో ఉన్నవాళ్ళకు వినపడేలా అరిచిన గొంతు ఆయనది. పక్కనే ఉన్న మనిషితో మాట్లాడినా అవతలి గట్టుకు చెప్పినట్టే ఉండేది.

"డాక్టరమ్మా! మా ముసలోణ్ణి తీసుకొచ్చాను. ఊపిరి ఉందో లేదో చూడండి!"

"ఏమైంది?"

"లారీ తోలే కంప్యూటరు ఆట కొత్తది వచ్చింది కదండీ. ఘాట్ రోడ్డు ఎక్కితే చాలు, బొమ్మ ఆగిపోతోంది. లోయలో పడ్డాక గాని మలుపు కనపడటం లేదు. మ్యాపు చూసి దారి చెప్పేది మా ఆవిడ. తప్పు తనదేనని నేనంటాను, కాదు పెట్టెదని తనంటుంది. మీరే తేల్చాలి."

డాక్టరమ్మ నవ్వి పెట్టెను తిప్పి చూసింది. కంపెనీ వాళ్ళే బిగించి అమ్మిన గేమింగ్ కంప్యూటరు. పుస్తకాల అరలో పట్టేంత చిన్నది. వచ్చిన కొత్తలో జనం ఎగబడి కొన్నారు.

"కొని ఎన్నేళ్ళయింది?"

"తొమ్మిదేళ్ళు. ఏడేళ్ళ కిందట మీరే ఒకసారి దుమ్ము దులిపి ఫ్యాను మార్చారు. మీ చేతిలో ఏముందో గాని, ఆ రోజునుంచి గుర్రమైపోయిందండీ ఇది! మా బావమరిది దగ్గర కూడా సరిగ్గా ఇదే పెట్టె. వాడిది నత్త, నాది గుర్రం. వాడు కుళ్ళుకోని రోజు లేదు."

ఆ పొగడ్త తనకు రావలసిందే అన్నట్టు డాక్టరమ్మ తలూపింది. తరువాత చెయ్యాల్సింది వివరించింది. "ఇలాంటి పెట్టె కొలతలు తీసి కుట్టిన చొక్కా లాంటిది. ఏది పడితే అది పట్టదు. పవర్ సప్లై చిన్నది, పెద్ద కార్డు పెడితే మొయ్యలేదు. బొమ్మను వేగంగా నడిపేది గ్రాఫిక్స్ కార్డు; తక్కువ కరెంటు తాగే పొట్టిది కొత్తరకం ఒకటుంది, అది వేద్దాం. ర్యామ్ రెట్టింపు చేద్దాం. గిర్రున తిరిగే ఆ పాత డిస్కు పీకేసి ఎస్ఎస్‌డి పెడితే, ఇంకో నాలుగేళ్ళు హాయిగా తోలుకోవచ్చు."

"కానివ్వండి! పాత సామానులు నాకు తిరిగి ఇవ్వక్కర్లేదు, మీరే పారెయ్యండి" అని కోచ్ వెళ్ళిపోయాడు.

ఆమె టేబుల్ దీపం వెలిగించి పని మొదలుపెట్టింది. వెనక నాలుగు స్క్రూలు తీసి పక్క రేకు జరిపింది. లోపల దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. బ్రష్షుతో దులిపి, డిస్కు విప్పి, ర్యామ్ ముక్కలు ఊడదీసి పక్కన పెట్టింది. ఆఖరున గ్రాఫిక్స్ కార్డు. దాని కొక్కెం నొక్కి మెల్లిగా బయటకు లాగింది.

ఈ మోడల్లో కంపెనీ వేసే కార్డు ఆమెకు కంఠతా తెలుసు. ఆకుపచ్చ పలక, మధ్యలో బొటనవేలంత ఫ్యాను. చేతిలోకి వచ్చింది అది కాదు. నల్లటి పలక, వెండిరంగు రేకు, వెడల్పాటి ఫ్యాను. ఇది దీంట్లోకి ఎలా వచ్చిందబ్బా అనుకుంటూ దాని అంచున ఉన్న ఇనప పట్టీని దీపం కిందికి తిప్పింది.

పట్టీ మీద తెల్ల సిరాతో ఒక తేదీ. దాని కింద ఒక మాట: స్టూడియో.

దస్తూరీ ఆమెదే. కొత్త సామాను షాపులోకి రాగానే తేదీ, ఎవరి కోసమో రాసి పెట్టుకోవడం ఆమె పద్ధతి. ఆ తేదీని మళ్ళీ చదవక్కర్లేకపోయింది. ఏడేళ్ళుగా ఆ తేదీ ఇంట్లో ఎవరూ పలకరు.

చేతిలో కార్డు జారి టేబుల్ మీద పడింది. కూర్చున్న స్టూలు కిందినుంచి ఎవరో లాగేసినట్టు ఆమె టేబుల్ అంచు పట్టుకుంది. వీధిలో ఎవరో హారన్ కొడుతున్నారు. ఆ చప్పుడు ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు వినిపించింది.

ఏడేళ్ళ కిందట ఆ షాపులో ఇద్దరు పనిచేసేవారు. డాక్టరమ్మ, ఆమె ఆడపడుచు. భర్తకు ఒక్కగానొక్క చెల్లెలు ఆ పిల్ల. చిన్నప్పటినుంచి ఇంట్లో అందరూ పిచ్చుక అనే పిలిచేవారు. బక్కపలచని మనిషి, సన్నటి వేళ్ళు. డాక్టరమ్మ పటకారుతో తంటాలు పడే సందుల్లో కూడా పిచ్చుక వేళ్ళు ఇట్టే దూరేవి. వదినా మరదళ్ళు పక్కపక్కన కూర్చుని పనిచేస్తుంటే, మధ్యలో రేడియో అక్కర్లేదని వీధివాళ్ళు అనేవారు. అన్ని కబుర్లు.

ఆ రోజు టేబుల్ మీద ఒకే రకం పెట్టెలు రెండు విప్పి ఉన్నాయి. ఒకటి ఫోటో స్టూడియో వాళ్ళది. దానికి కొత్త కార్డు వెయ్యాలి. ఆ పొట్టి కార్డు అప్పట్లో ఎక్కడా దొరికేది కాదు, మూడు నెలలు ఎదురుచూస్తే వచ్చింది. రెండోది ఎవరిదో దుమ్ము దులపాల్సినది. పిచ్చుక ఇంకా రాలేదు. డాక్టరమ్మ చేతిలో కార్డు ఉండగానే ఫోను మోగింది. అత్తగారు స్నానాల గదిలో జారి పడ్డారు. ఏం చేస్తోందో చూసుకోకుండానే చేతులు పని ముగించాయి, మూతలు బిగించి ఆసుపత్రికి పరుగెత్తింది. అదృష్టం బాగుండి బెణుకుతో పోయింది. సాయంత్రం భర్తతో కలిసి షాపుకు తిరిగొచ్చేసరికి స్టూడియో ఆయన ఇంకొకరితో కలిసి ఎదురుచూస్తున్నాడు. ఆయన పెట్టె మూత తీస్తే లోపల పాత కార్డే ఉంది. కొత్తది టేబుల్ మీద లేదు, సొరుగులో లేదు, ఎక్కడా లేదు. రెండో పెట్టెను దాని మనిషి అప్పటికే వచ్చి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ వెళ్ళాక రోజంతా షాపులో ఉన్నది పిచ్చుక ఒక్కతే. వాళ్ళు లోపలికి వచ్చినప్పుడు ఆమె కంగారుగా సంచి జిప్పు లాగుతోంది.

"సంచి చూపించు" అంది డాక్టరమ్మ.

పిచ్చుక మొహం కందిపోయింది. సంచిని గుండెలకు హత్తుకుంది. "చూపించను వదినా" అంది. అలా అని బయటికి నడిచింది.

ఆ రాత్రి భర్త అడిగాడు, "నువ్వు నిజంగా చూశావా?" అని. డాక్టరమ్మ చూసింది సంచి జిప్పు లాగడం ఒక్కటే. కాని కోపం మీద ఉంది, పైగా తన టేబుల్ మీద తప్పు జరగదు. "నా కళ్ళతో చూశాను. కార్డు అట్టపెట్టె సంచిలోకి పోవడం" అంది. ఆ ఒక్క మాటతో ఇల్లు రెండయింది. స్టూడియోకు ఇంకో కార్డు తెప్పించి ఇచ్చారు. పిచ్చుక వేరే గది తీసుకుంది, నెల తిరక్కుండా అత్తగారు కూడా కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. భర్త ఆదివారాలు వెళ్ళి ఇద్దరినీ చూసి వచ్చేవాడు. వచ్చాక ఏమీ చెప్పేవాడు కాదు.

ఇప్పుడు ఆ కార్డు టేబుల్ మీద వెల్లకిలా పడి ఉంది. డాక్టరమ్మకు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆ మర్నాడు టేబుల్ సర్దుతుంటే ఎక్కడిదో ఒక ఆకుపచ్చ కార్డు చేతికి తగిలింది. ఎక్కడిదని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తుక్కు బుట్టలో పడేసింది. దానికి బదులే ఇది కోచ్ పెట్టెలోకి వెళ్ళింది. తన చేత్తోనే వెళ్ళింది.

పాత సామానులు పారెయ్యమన్నాడు కోచ్. నిజంగానే పారేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆమె లేచి కార్డును తుక్కు బుట్టలో వేసింది. వేసి కొత్త కార్డు డబ్బా విప్పింది. విప్పిన చేతులు అలాగే ఆగిపోయాయి. మధ్యాహ్నం దాటేవరకు ఒక్క స్క్రూ కూడా బిగించలేకపోయింది. చివరికి బుట్టను నేలమీద బోర్లించి, తుక్కులో వెతికి, కార్డును కొంగుతో తుడిచి, షట్టరు వేసేసింది.

భర్త ఒక బడిలో సైన్సు ల్యాబు చూసుకునేవాడు. ఆమె వెళ్ళేసరికి గాజు గొట్టాలు కడిగి స్టాండుకు బోర్లిస్తున్నాడు. పనివేళల్లో ఆమె అక్కడికి రావడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆమె మాట్లాడకుండా కార్డు ఆయన చేతిలో పెట్టింది. ఆయన పట్టీ మీది రాత చదివాడు. ఇంకోసారి చదివాడు.

"ఎక్కడ దొరికింది?"

"వేరేవాళ్ళ పెట్టెలో. నేనే పెట్టాను, ఆ రోజు కంగారులో."

"మరి నీ కళ్ళతో చూశానన్నావు?"

చూడలేదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన రెండో చేతిలోని గాజు గొట్టం తొట్టిలో పడి పగిలింది. ముక్కలు ఏరుతూ ఏరుతూ ఆయన అన్నాడు, తలెత్తకుండా: "నేను నమ్మాను. నా చెల్లెల్ని ఒక్క మాటైనా అడక్కుండా నమ్మేశాను."

మర్నాడు డాక్టరమ్మ బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్ళింది. పిచ్చుక అక్కడ కుట్టుమిషన్లు బాగుచేస్తుందని ఆమెకు తెలుసు. కంప్యూటర్లు వదిలేసి ఎందుకు పోయిందో ఆమెకు ఇంకా బాగా తెలుసు. పెద్ద రేకుల షెడ్డు, వందకు పైగా మిషన్లు, చెవులు చిల్లులు పడే రొద. ఒక మూల పిచ్చుక మిషన్ తల వెనక్కి వాల్చి, లోపల నూనె పోస్తోంది. జుట్టు చెవుల దగ్గర నెరిసింది. వదినను చూసి నూనె డబ్బా కింద పెట్టింది. మొహంలో ఏమీ కదల్లేదు.

"అన్నయ్యకేమైనా అయిందా?" అనేది పెదాల కదలికను బట్టి తెలిసింది.

"లేదు. కార్డు దొరికింది!"

"ఏంటి? వినపడటం లేదు!"

"కార్డు! స్టూడియో వాళ్ళ కార్డు! నేనే వేరే పెట్టెలో బిగించాను!"

"గట్టిగా చెప్పు!"

డాక్టరమ్మ ఊపిరంతా బిగబట్టి అరిచింది. సరిగ్గా అప్పుడే భోజనం గంట మోగింది. వంద మిషన్లు ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు ఒక్కటే షెడ్డు ఆ కొసదాకా పోయింది: "నువ్వు దొంగవి కాదు!"

అన్ని తలలూ తిరిగాయి. సూపర్‌వైజరు కళ్ళద్దాలు పైకెత్తి చూసింది. ఏడేళ్ళుగా ఆ షెడ్డులో ఎవరికీ తెలియని మాట ఇప్పుడు అందరి చెవిలోనూ పడింది. డాక్టరమ్మ దిద్దుకుందామని వచ్చి ఇంకో గాయం చేసింది.

పిచ్చుక చెయ్యి తుడుచుకుని, ఆమె మోచెయ్యి పట్టుకుని, మెట్ల గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది. కార్డు తీసుకుని రాత చూసింది. చాలాసేపు చూసింది.

"అయితే ఆ రోజు నా సంచిలో ఏముందో నీకు ఇప్పటికీ తెలీదు" అంది.

"తెలీదు."

"ఆ రోజు మధ్యాహ్నం అనుకోకుండా నాకు నెలసరి వచ్చింది. లంగా అంతా పాడైపోయింది. షాపు వదిలి వెళ్ళలేను, నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. వెనక పంపు దగ్గర తడిపి, పిండి, పొట్లం కట్టి సంచిలో పెట్టుకుంటున్నాను. అప్పుడు వచ్చారు మీరు. అన్నయ్య ఉన్నాడు, కస్టమర్లు ఇద్దరున్నారు. సంచి చూపించమన్నావు. ఎలా చూపించను?"

డాక్టరమ్మ మెట్టు మీద కూలబడింది.

"నువ్వు ఆడదానివే కదా. పక్కకి పిలిచి ఒక్క మాట అడిగుంటే, చెవిలో చెప్పేదాన్ని. వీధిలో నాలుగు షాపులకి వెళ్ళాను పని కోసం. నేను వెళ్ళకముందే నీ మాట వెళ్ళింది."

"క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

"అడక్కు. ఇప్పుడు క్షమించానంటే అబద్ధమే అవుతుంది." పిచ్చుక కార్డును తిరిగి ఆమె ఒళ్ళో పెట్టింది. "ఎవరెవరికి చెప్పావో వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, కాదని చెప్పు. ఆదివారం ఇంటికొచ్చి అమ్మకి చెప్పు, నా ముందే. అమ్మ ఒక్కతే నన్ను నమ్మి నాతో వచ్చింది. ఆమెకి ఆ మాట నీ నోటినుంచి వినే హక్కుంది."

డాక్టరమ్మ వీధిలోని షాపులన్నీ తిరిగింది. పార్టుల హోల్‌సేల్ ఆయన, "అయ్యో, ఎప్పటి సంగతో అమ్మా, ఎవరికి గుర్తుంది" అన్నాడు. ఆ వెంటనే, "సంచిలో పెట్టుకుందన్నారు కదా, ఆ అమ్మాయే కదా" అన్నాడు. అన్నీ గుర్తున్నాయి వాళ్ళకు. కోచ్ పెట్టె పూర్తిచేసి అప్పగిస్తూ ఆయనకు కూడా చెప్పింది, గుర్రం పరుగెత్తింది తన చేతి మహిమతో కాదని. ఆయన గొంతు మొదటిసారి పక్కమనిషికి మాత్రమే వినపడేంత తగ్గింది. "అంటే ఆ అమ్మాయి పోగొట్టుకున్న ఉద్యోగం మీదా అండీ, ఇన్నేళ్ళూ నేను లారీ తోలింది?" అన్నాడు. కొత్త కార్డు ఎంత బాగుందో చూపిస్తానంటే వద్దని, పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. మూడో అంతస్తులో రెండు గదులు, ఇరుకైన వరండా. అత్తగారు మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. డాక్టరమ్మ నిలబడే చెప్పింది. కార్డు సంగతి, సంచి సంగతి, కళ్ళతో చూశానని ఆడిన అబద్ధం సంగతి. ఏదీ దాచలేదు. పెద్దావిడ తిడుతుందనుకుంది. లేచి చెయ్యి చేసుకున్నా పడదామనుకుంది.

పెద్దావిడ కోడలి వైపు చూడనేలేదు. కూతుర్నే చూస్తోంది.

"నేను నీ పెట్టె వెతికానే" అంది.

"ఏ పెట్టె అమ్మా?"

"నీ బట్టల పెట్టె. ఇక్కడికి వచ్చిన కొత్తలో, నువ్వు పనికి వెళ్ళగానే రోజూ వెతికేదాన్ని. బీరువా పైన, పరుపు కింద. అందరూ అన్నాక నేను కూడా... నిన్ను నమ్మి రాలేదే నేను. మళ్ళీ ఏం చేస్తావో అని, కాపలా ఉందామని వచ్చాను."

భర్త గోడకు ఆనుకుని మొహం తిప్పుకున్నాడు.

"నెలకో, రెండు నెలలకో తెలిసిపోయింది, నువ్వలాంటిదానివి కాదని. అప్పుడైనా చెప్పాల్సింది. నువ్వేమో, మా అమ్మ ఒక్కతే నన్ను నమ్మింది అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేదానివి. ఆ మాట విన్నాక నోరు పెగల్లేదే."

పిచ్చుక నవ్వబోయింది. అది నవ్వు కాలేదు. నిలబడ్డ చోటే ఒకసారి అటూ ఇటూ చూసింది, తన ఇంట్లో తనకే దారి తెలియనట్టు. తరువాత వరండాలోకి వెళ్ళి, నేలమీద చతికిలబడింది.

డాక్టరమ్మ కాసేపు గుమ్మంలోనే ఆగింది. ఒకే ఒక అబద్ధం ఆడాననుకుంది. అది తల్లి చేత రోజూ కూతురి బట్టలు వెతికించిందని ఆమెకు ఆ నిమిషం దాకా తెలియదు. లోపల భర్త తల్లికి మంచినీళ్ళు తాగిస్తున్నాడు. పెద్దావిడ ఏడుపు వినిపిస్తోంది.

ఆమె వరండాలోకి వెళ్ళింది. పిచ్చుక తలెత్తలేదు.

"నాకు అన్యాయం చేసింది నువ్వు ఒక్కదానివే అనుకున్నాను" అంది, కింద వీధిలోకి చూస్తూ. "ఇన్నాళ్ళూ నీ ఒక్కదాని మీదే కోపం పెట్టుకుని బతికాను. అది తేలిగ్గా ఉండేది."

డాక్టరమ్మ చీర సర్దుకుని, రెండు జానల దూరంలో ఆమె పక్కనే నేలమీద కూర్చుంది. లేచి వెళ్ళిపొమ్మని పిచ్చుక అనలేదు.